నక్షాలో నూట ఏడుగురు

జులై 2, మొదటి షిఫ్టు

మా ఇంట్లోవాళ్ళ లెక్క ప్రకారం నాకు చచ్చిపోయినవాళ్ళంటే గౌరవం లేదు. కాలేజీ నుంచి తిరిగొచ్చిన నాలుగు నెలల్లోనే ఈ మాట స్థిరపడిపోయింది. అక్క నోటితో అంటుంది, బాపు తల వంచుకొని వింటాడు. నిన్న అన్నం దగ్గర నేను అన్నది ఒక్కటే. నక్షాలో, అంటే పంకాలను నడిపే బోర్డు పటంలో, మమ్మల్ని కన్న అవ్వ పేరు పక్కన చిన్నగా ఒక అక్షరం, ఒక అంకె రాసుకుందామని. పేరు తీసేద్దామనలేదు, పక్కన రాద్దామన్నాను.

"అవ్వకు నంబరేస్తవా? జైల్ల వేసినట్టు?" అంది అక్క.

"అవ్వకు కాదక్కా. అవ్వ పేరున్న రెసిస్టరుకు."

"రెండొక్కటే గద."

"ఒక్కటి కాదు."

"విన్నవా బాపూ, ఒక్కటి కాదట. అవ్వ పోయిననాడు ఇది గుట్ట మీద సదువుకుంటుండె. దీనికేం తెలుసు మన బాధ."

అవ్వ పోయింది రెండేళ్ళ కింద, నడి వైశాఖంలో. గుట్ట మీది కాలేజీ నుంచి మా బాయికి, ఎండకు జడిసి మేం కాపురముంటున్న ఈ పాత బొగ్గు గనికి, మూడు రాత్రుల దారి. వైశాఖంలో ఆ దారిన బయల్దేరినవాళ్ళు చేరరు. ఆషాఢంలో నేను వచ్చేసరికి అవ్వ నక్షాలో ఉంది.

ఇది నక్షా గది రోజువారీ లాగ్‌బుక్. పంకాల సంగతి తప్ప ఇందులో ఇంకేదీ రాయకూడదు. బాయికి పెద్ద అయిన సర్దారు పోచమల్లు దీన్ని తెరిచి చూడడని తెలుసు కాబట్టి రాస్తున్నాను. పంకాల సంగతి: మూడో పంకా నిన్న రెండుసార్లు ఆగింది. ఒకసారి నాలుగు నిమిషాలు, ఇంకోసారి పదకొండు. మిగతా మూడూ తిరుగుతున్నాయి. అయిదోది, అంటే స్పేరు పంకా, పోయిన సంక్రాంతి నుంచి చచ్చే ఉంది.

మూడో పంకా నాలుగో మట్టానికి గాలి తోస్తుంది. అదే అట్టడుగు. అక్కడ రెండువందల ముప్ఫై మంది ఉన్నారు. మా అక్క, దాని బిడ్డ వాళ్ళలో ఇద్దరు. ఆరు గంటలు పంకా ఆగితే వాళ్ళంతా పైకి రావాలి. పైన చోటు లేదు.

జులై 3, మొదటి షిఫ్టు

ఈ వారం పలకలు తుడిచే వంతు నాది. పొద్దు పొడవకముందే బాయి నోటి దాకా ఎక్కి, సోలారు పలకల మీది దుమ్ము పొడి చీపురుతో దులపాలి. తడిగుడ్డ అయితే బాగా పోతుంది కానీ నీళ్ళు అంత ఎత్తు మోసేదెవరు. నలభై పలకలు అయ్యేసరికి తూర్పు తెల్లబడుతుంది, సైరన్ మోగుతుంది, అందరం చీపుర్లు భుజాన వేసుకొని దిగిపోతాం. సైరన్ మోగాక పైనే ఉండిపోయినవాళ్ళు ఇప్పటికి ఏడుగురు. వాళ్ళ పేర్లూ నక్షాలో ఉన్నాయి.

దిగుతుంటే ఓదెలు ఎదురొచ్చాడు. మూడో పంకాకు ఖలాసీ. పన్నెండేళ్ళుగా దాని పక్కనే కూర్చుంటున్నాడు, దాని చప్పుడు విని దాని ఒంట్లో ఎలా ఉందో చెప్పేస్తాడు.

"మేడం, మీ కాలేజీల పంకాకు దగ్గు మందు సెప్పిన్రా?"

"ఏమైందన్నా?"

"లచ్చయ్య తాత సతాయిస్తున్నడు. టక్కుమని పట్టుకుంటడు, మల్ల ఇడుస్తడు. బతికున్నప్పుడు సుత గంతే, ఏ పనీ ఒడువగొట్టకపోయేది."

లచ్చయ్య తాత అంటే మూడో పంకా బోర్డు మీది ఒక రిలే, కరెంటును టక్కుమని కలిపి విడదీసే స్విచ్చి. మా బాయిలో మనిషి పోతే పదకొండో రోజున నక్షాలో ఒక భాగానికి ఆ పేరు పెడతారు. పేరెక్కించుడు అంటారు. అయిదు పంకాలకూ ఒకే రకం బోర్డు, అన్నిటికీ కలిపి గోడ మీద ఒకే నక్షా. పేరు ఎక్కాక ఆ మనిషి అయిదు చోట్ల ఉండి మనకు గాలి తోస్తున్నట్టు. చిన్నప్పుడు నాకు ఇది చాలా ఇష్టంగా ఉండేది. పంకా దగ్గరికి పోయి మా తాత ఎక్కడ అని అడిగేదాన్ని.

పోయిన ఏడాది దాకా దీనితో ఎవరికీ ఇబ్బంది రాలేదు. బోర్డు చెడితే స్పేరు పంకా తిప్పి, ఒక షిఫ్టంతా చల్లారనిచ్చి, బోర్డుకు బోర్డే మార్చేవాళ్ళు. ఇప్పుడు కొత్త బోర్డులు అయిపోయాయి. చెడిన భాగం ఒక్కటే వెతికి మార్చాలి. అది ఎక్కడుందో, దేనికి కలిసుందో చెప్పాల్సింది నక్షాయే.

జులై 5, రెండో షిఫ్టు

ఇవాళ మైసవ్వ అనే ముసలామెకు పేరెక్కించుడు. నక్షా గదిలో పన్నెండుమంది, కొబ్బరి ముక్కలు, అగరొత్తులు. పంకాల నియమం ప్రకారం అగరొత్తులు కూడదు, అయినా వెలిగిస్తారు. నేను ఈ పనిలో చేరాక ఇది మొదటిది. ఇదివరకు ఈ పని చేసిన బాపు కళ్ళు కనిపించక మానేశాడు కానీ పక్కన వచ్చి కూర్చున్నాడు.

ఆమె పెద్దకొడుకు మెల్లగా మొదలుపెట్టాడు. "సప్పుడు చేసేది ఇస్తరా బిడ్డా? మా అవ్వకు ఊకె మాట్లాడుడు అలవాటు."

"రిలేలు లేవు కాకా. ఉన్నయి పద్నాలుగే, అన్నిటికీ పేర్లున్నయి."

"మరి ఎచ్చగుండేది?"

రెసిస్టర్లు వేడెక్కుతాయి. ముసలివాళ్ళకు అవే అడుగుతారు, చలి పెట్టదని. నేను నక్షా అంతా వెతికాను. పేరు లేని భాగం ఒక్కటీ లేదు. ఆ మాట చెప్పబోతుంటే బాపు నా మోచేయి పట్టుకొని చెవిలో అన్నాడు: "ఖాళీ జాగల ఒకటి గీయి."

"ఏం గీయాలి?"

"రెసిస్టరే. రెండు గీతల నడుమ. కాయిదానికేం నొప్పి?"

పన్నెండుమంది నా వైపే చూస్తున్నారు. గీశాను. కింద మైసవ్వ అని రాశాను. నా రాత బాగుంటుందని అందరూ మెచ్చుకున్నారు. ఆమె కొడుకు ఆ సిరా గీతకు వేలు ఆనించి కళ్ళకద్దుకున్నాడు.

నా చేత్తో, లేని భాగం ఒకటి నక్షాలో పెట్టాను. అది రాసి పెట్టుకుంటున్నాను.

జులై 6, మొదటి షిఫ్టు

అయిదో పంకా నుంచి చచ్చిన బోర్డు విప్పి నా బల్ల మీదికి తెప్పించాను. బోర్డు మీద ప్రతి భాగం పక్కనా ఒకప్పుడు తెల్లటి అచ్చు అక్షరాలు ఉండేవి. తయారు చేసినవాళ్ళు వేసిన గుర్తులు. ఇప్పుడు లేవు. యాభై దసరాలకు యాభైసార్లు ఆయుధపూజ చేసి, పసుపు రుద్ది, కుంకుమ బొట్లు పెట్టి, మర్నాడు కిరసనాయిలు గుడ్డతో తుడిచారు. నేనూ తుడిచాను, ఎనిమిదో ఏట. ఎవరు ఎక్కువ మెరిపిస్తే వాళ్ళకు బెల్లం ముక్క.

రెండుసార్లు లెక్కపెట్టాను. బోర్డు మీద కనిపించే భాగాలు రెండువందల పదకొండు.

నక్షాలో పేర్లు మూడువందల పద్దెనిమిది.

జులై 7, మొదటి షిఫ్టు

సర్దారుకు చెప్పాను. పోచమల్లు మంచి మనిషే. చాయ్ పోయించాడు, వింటున్నంతసేపూ మీసం దువ్వుకున్నాడు.

"నూట ఏడు ఎక్కువున్నయి అంటవ్."

"అవును. ఏవి ఉన్నవో ఏవి లేనివో తెల్వదు. మీటరు పెట్టి ఒక్కొక్క తీగ పట్టుకొని పోతే తెలుస్తది. రెండు వారాలు పడుతది. కొత్త నక్షా గీస్తా. ప్రతి భాగానికి ఒక అక్షరం, ఒక అంకె. అక్షరం చూస్తే అది ఏ జాతిదో తెలుస్తది, అంకె చూస్తే ఏదో తెలుస్తది."

"పేర్లు?"

"వేరే పుస్తకంల రాద్దాం. పేర్ల పుస్తకం."

చాయ్ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత అన్నాడు: "స్రవంతీ, ఈ జనం గీ బొందల ఎందుకుంటున్నరు అనుకుంటున్నవ్? గుట్ట మీద నీళ్ళున్నయి, చల్లగుంటది, పొమ్మంటే ఎవ్వలు పోరు. వాళ్ళోళ్ళు ఈడ పంకల తిరుగుతున్నరని ఉన్నరు. నువ్వు నూట ఏడిండ్లకు పోయి మీ అవ్వ లేదు, మీ బాపు లేడు అని సెప్తవా? దసరా ఎల్లనియ్యి. అప్పుడు సూద్దాం."

దసరాకు మూడు నెలలు. మూడో పంకా నిన్న నాలుగుసార్లు ఆగింది.

జులై 9, రెండో షిఫ్టు

ఎవరి అనుమతీ లేకుండా మొదలుపెట్టాను. మీటరు మా బాయి మొత్తానికి ఒక్కటే, అది నా దగ్గరే ఉంటుంది. బోర్డు ఎడమ పైమూల నుంచి మొదలు. ఒక ముల్లు ఇక్కడ, ఒక ముల్లు అక్కడ, తీగ కలిసిందా లేదా. కలిసిన భాగానికి కొత్త కాగితం మీద ఆర్ 1, ఆర్ 2, సి 1.

కాలేజీలో ఈ పద్ధతి మాకు చెప్పింది ఒక అరవై ఏళ్ళ ఆవిడ. రెసిస్టరుకు ఆర్, కెపాసిటరుకు సి, రిలేకు కె. పెద్దది చిన్నది అని లేదు, ముందొచ్చింది వెనకొచ్చింది అని లేదు, పై నుంచి కిందికి వరసగా అంకె. ఇంకొకటి కూడా చెప్పింది. ఒక భాగాన్ని తీసేయాల్సి వస్తే దాని అంకెను మళ్ళీ ఎవరికీ ఇవ్వకూడదు. పన్నెండు తర్వాత పద్నాలుగు వస్తే, ఇక్కడ పదమూడు అనేది ఒకటి ఉండేదని చూసినవాడికి తెలియాలి. ఆ రోజు క్లాసులో నాకు అవ్వ గుర్తొచ్చింది. అవ్వ పోయి అప్పటికి నెల దాటింది. ఎవరికీ చెప్పలేదు. అక్కకు ఇది చెప్తే ఏమంటుందో ఊహించగలను.

ఓదెలు చూడ్డానికి వచ్చి బల్ల పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"గీ పక్క ఎవలున్నరు మేడం?"

"ఆర్ 22."

"ఎవలింటోడు?"

"ఎవరింటోడూ కాదన్నా. ఇరవై రెండోది, అంతే."

"పాపం." కాసేపు చూశాడు. "నేను పోతే నాకు ఫ్యూజు ఇయ్యి. ఆర్నెల్లకోపాలి కాలిపోత. మా సరోజనకు మల్ల మల్ల ఏడ్సుడు అయితది, గప్పుడన్న నన్ను తలుసుకుంటది."

నవ్వాను. ఈ నాలుగు నెలల్లో నన్ను నవ్వించినవాడు ఈ ఒక్కడే.

జులై 14, మొదటి షిఫ్టు

నూట నలభై ఆరు భాగాలు పట్టుకున్నాను. లేనివి ఇప్పటికి యాభై తొమ్మిది. కొన్ని పేర్ల దగ్గర చేయి ఆగుతుంది. నా క్లాసులో చదివిన పిల్ల ఒకతె ఉంది, కామెర్లతో పోయింది. ఆమె లేదు. సైరన్ తర్వాత ఉండిపోయిన ఏడుగురిలో అయిదుగురు లేరు. ముందు రెండువందల మందీ పాత రాతలో ఉన్నారు, వాళ్ళలో ఇప్పటిదాకా చూసినవాళ్ళంతా ఉన్నారు. లేనివాళ్ళంతా, నేను రాసిన మైసవ్వ తప్ప, బాపు రాతలో ఉన్నారు.

కుడి కింది మూల ఇంకా మొదలుపెట్టలేదు. అక్కడ పెద్ద కెపాసిటరు ఉంటుంది, నా ముంజేయంత. మొట్టమొదట ఈ బాయిలోకి జనాన్ని దింపిన నర్సయ్య పటేలు పేరు దానికి. దాని పక్కన రెసిస్టరు అవ్వ. ఆ మూల పసుపు, కుంకుమ, లక్క కలిసి గట్టిగా అట్టకట్టి ఉంది, గీకితే కానీ కింద ఏముందో కనిపించదు. చివర్న చేద్దామని వదిలాను. ఎందుకు చివర్న అంటే వరస అలా వచ్చిందని ఎవరికైనా చెప్పవచ్చు. వరస అలా రాలేదు.

మూడో పంకా నిన్న ఆరుసార్లు.

జులై 16, రెండో షిఫ్టు

మధ్యాహ్నం రెండుంబావుకు ఫోను మోగింది. ఓదెలు.

"మేడం, పంక బందయింది. ఈపాలి లేస్తలేదు. గంట దాటింది."

"ఏం చేద్దామని?"

"లచ్చయ్య తాతను ఊడదీస్త. పాత బోర్డుది ఒక రిలే నా దగ్గరున్నది, గది పెడుత. స్విచ్చి బంద్ వెట్టిన. ఎంతసేపు ఆగాలె?"

"ఆగు, మీటరు తీసుకొని నేనొస్తున్నా."

"మనుషుల దింపే కేజి నడుస్తలేదు. మీరు మెట్లు దిగి వచ్చేసరికి ఇంకో గంట. పిల్లలకు తల తిరుగుతున్నది ఈడ. మీ అక్క బిడ్డె సుత వాంతి చేసుకున్నది. లెక్క సెప్పున్రి, సాలు."

లెక్క ఏమిటంటే: కరెంటు ఆపినా పెద్ద కెపాసిటరులో అది నిలవ ఉంటుంది, మనిషిని చంపేంత. దాని రెండు కొసలకూ అడ్డంగా ఒక రెసిస్టరు ఉంటే, ఆ నిలవ మెల్లగా దానిలోంచి కారిపోతుంది. ఎన్ని నిమిషాల్లో అనేది రెండింటి కొలతలను బట్టి చెప్పవచ్చు. వేరే చోటైతే ఒక తీగతో రెండు కొసలూ కలిపి ఠప్పున ఖాళీ చేస్తారు. మా దగ్గర అది కుదరదు. నర్సయ్య పటేలును కొట్టినట్టు. కాబట్టి ఆగుతారు.

నక్షా నా ఎదురుగా గోడ మీద ఉంది. పటేలు పక్కన అవ్వ, కొలత ముప్ఫై మూడు వేలు. గుణించాను. ఆరు నిమిషాలు. ఇంకో నాలుగు కలుపుకున్నాను.

"పది నిమిషాలు ఆగన్నా."

"పదంటే పది. ఉంట మరి."

బోర్డు నా బల్ల మీద ఉంది. మీటరు నా చేతి కింద ఉంది. ఆ మూల గీకి చూడ్డానికి నిమిషం పట్టేది.

ఓదెలు పోయింది రెండున్నరకు. ఆయన పన్నెండు నిమిషాలు ఆగాడని పక్కనున్నవాళ్ళు చెప్పారు.

జులై 17

లెక్క మళ్ళీ చేశాను. సరిగ్గానే ఉంది. ఆరు నిమిషాల లోపే వస్తుంది.

జులై 18, మొదటి షిఫ్టు

కుడి కింది మూల, పటేలు పక్కన, చెంచా కాడతో గీకాను. పసుపు పెచ్చులుగా లేచింది. కింద ఆకుపచ్చ బోర్డు నున్నగా ఉంది. తీగ లేదు, రంధ్రం లేదు. అక్కడ ఏ కాలంలోనూ ఏ భాగమూ లేదు.

బాపు మంచం మీద కూర్చొని వెల్లుల్లి ఒలుస్తున్నాడు. కళ్ళతో పని లేని పనులన్నీ అక్క ఆయనకే ఇస్తుంది.

"బాపూ, అవ్వను ఏడ పెట్టినవ్?"

చేతులు ఆగాయి. నేను ఏం అడుగుతున్నానో వెంటనే తెలిసింది ఆయనకు. "జాగ లేకుండె బిడ్డా."

"ఎప్పటినుంచి లేకుండె?"

"నేను ఈ పనిల చేరేనాటికి పదకొండే మిగిలినయి. మొదటేడే అయిపోయినయి. జనం ఏడ్సుకుంట వస్తరు. లేదు పొండి అని ఎట్లంట? ఒకటి గీసిన. ఏం కాలే. ఇంకోటి గీసిన."

"అవ్వను పటేలు పక్కకు ఎందుకు గీసినవ్?"

"ఆ మూలకు ఖాళీ ఉండె. ఒక్కతుంటే బుగులు పడుతది గద, పెద్దమనిషి పక్కకుంటే ధైర్యం అనుకున్న. ఉత్తగ ఒక్కతే నిలబడ్డట్టు ఉంటదని రెండు కొసలు ఆయన కొసలకు కలిపిన. సూసెటందుకు నిండుగ ఉండె."

"కొలత ఎట్ల రాసినవ్?"

"దాని మీదున్న రెసిస్టరుకు ఏముంటే గదే రాసిన."

"బాపూ, ఆ రెండు కొసలు కలిపితే ఏమైతదో ఎరికేనా?"

"బొమ్మల ఏమైతది బిడ్డా?"

ఏం చెప్పను. ఆ బొమ్మను నేను నమ్మానని, నూట ఏడింట్లో ఏ ఒక్కదాన్నీ నమ్మకుండా ఆ ఒక్కదాన్నే నమ్మానని ఎలా చెప్పను. చెప్పాను. ఆయన వెల్లుల్లి గిన్నె నేల మీద పెట్టి, ఎక్కడ పెట్టాడో తెలియక మళ్ళీ తడుముకున్నాడు.

"ఎవ్వలకు సెప్పకు," అన్నాడు. "నింద నా మీద పడితే పడనియ్యి. మీ అవ్వ మీద పడుతది. మీ అవ్వ ఎవ్వలకు ముల్లు గుచ్చినట్టన్న మాట అనలేదు."

జులై 20, రెండో షిఫ్టు

నాలుగో మట్టం ఖాళీ చేశారు. రెండువందల ముప్ఫై మంది మూడో మట్టంలో, గ్యాలరీ సొరంగం పొడవునా చాపలు. ఎవరి కాళ్ళు ఎవరి తలకు తగులుతున్నాయో తెలియదు. మూడో పంకా బోర్డు మీద చెయ్యి పెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు, నేను అడగనూ లేదు. మూడో మట్టానికి గాలి తోసే రెండో పంకా ఇవాళ మొదటిసారి ఆగింది. మూడు నిమిషాలు. ఆ మట్టంలో ఇప్పుడు అయిదువందల పైన ఉన్నారు. అది ఆగితే వాళ్ళంతా పైకి రావాలి.

అక్క, దాని బిడ్డ మా గదిలో ఉన్నారు. పిల్లకు జ్వరం. అక్క నన్ను చూసి ఇరుగుపొరుగుతో అంది: "ఓదెలన్న దినాము దీనితోనే మాట్లాడేటోడు. కండ్లల్ల ఒక్క సుక్క నీళ్ళున్నయేమో సూడున్రి. రాయి."

బోర్డు పని పూర్తయింది. రెండువందల పదకొండు భాగాలు, అన్నిటికీ అక్షరం, అంకె. లచ్చయ్య తాత ఇప్పుడు కె 3. లేనివాళ్ళు నూట ఏడుగురు, వాళ్ళ జాబితా వేరే కాగితం మీద.

జులై 24, రెండో షిఫ్టు

సరోజన వచ్చింది. ఓదెలు భార్య. నేను కుర్చీ ఇస్తే కూర్చోలేదు, నక్షా దగ్గరికి పోయి నిలబడింది.

"ఎల్లుండి దినాలు. నీతోని ఒక మాట అడుగుదామని వచ్చిన చెల్లె."

"చెప్పక్కా."

"రిలే గిలే వద్దు. గొప్పది వద్దు. ఆయన పాణం పోయింది గక్కడ్నే గద, పటేలు దగ్గర." వేలితో చూపించింది. "ఈ పక్కకు మీ అవ్వ ఉన్నది. ఆ పక్కకు ఖాళీ ఉన్నది. ఆడ ఇయ్యి. మీ అవ్వ మంచిది. నాకు పురుడు పోసింది సుత ఆమెనే. ఆయనను సూసుకుంటది."

నేను నక్షా వైపు చూడలేదు, ఆమె కాళ్ళ వైపు చూశాను. చెప్పులు లేవు. మూడో మట్టంలో ఎవరో తొడుక్కొని పోయుంటారు.

"ఏందే, మాట్లాడవ్? లేదంటవా?"

"ఆలోచిస్తున్నా."

"ఆలోచించేటందుకు ఏమున్నది? గీత గీసుడే గద. నీ రాత మంచిగుంటదట, మైసవ్వ కొడుకు చెప్పిండు."

ఆమె పోయాక కాగితం తీసుకొని లెక్క వేశాను. ఎందుకు వేశానో తెలియదు, చేతికి అలవాటు. పటేలుకు అటు పక్కన అదే కొలతతో ఇంకొక రెసిస్టరు గీస్తే, నక్షా ప్రకారం నిలవ రెట్టింపు వేగంతో కారిపోవాలి. ఆరు నిమిషాలు మూడుకు దిగుతాయి. నేను పోయాక ఈ కుర్చీలో ఎవరో కూర్చుంటారు. లెక్క వచ్చినవాళ్ళే కూర్చుంటారు. ఎవరో ఖలాసీ ఫోను చేస్తాడు. మూడు నిమిషాలు ఆగు, పోనీ అయిదు ఆగు అని చెప్తారు. తర్వాత ఆ ఖలాసీ పేరు కూడా అక్కడే ఎక్కుతుంది, మంచివాళ్ళ పక్కన. లెక్క ఇంకా తగ్గుతుంది.

సర్దారు సాయంత్రం కబురు పంపాడు. సరోజన అడిగినట్టు చేయమని, ఈ సమయంలో గొడవ పెట్టవద్దని.

జులై 25, రెండో షిఫ్టు

రెండో పంకా ఇవాళ అయిదుసార్లు. చివరిసారి పందొమ్మిది నిమిషాలు. మూడో మట్టంలో ఒక ముసలాయనను నలుగురు మంచం మీద పైకి మోసుకొచ్చారు. బతికే ఉన్నాడు.

బాపు నా దగ్గరికి గోడ పట్టుకుంటూ వచ్చాడు. "రేపు నేనే గీస్త," అన్నాడు. "చెయ్యి వణుకుతది, అయినా గీస్త. నువ్వు పక్కకుండు, సాలు. పాపమైతే నాది."

"నీకు కనవడది బాపూ."

"గక్కడ నాకు కండ్లు అక్కర లేదు."

నిజమే. ఆ మూల ఆయనకు చేతికే తెలుసు. నేను ఏమీ అనలేదు. అది ఒప్పుకోవడం అనుకున్నట్టున్నాడు, నా తల మీద చేయి పెట్టి పోయాడు. అక్క చూసింది. చాలా రోజుల తర్వాత నాకు తనే అన్నం పెట్టింది, "ఇప్పటికన్న తెలివికొచ్చినవ్" అని. తిన్నాను.

జులై 26, మొదటి షిఫ్టు

దినాలు పది గంటలకు. ఇప్పుడు ఏడున్నర.

పాత నక్షా గోడ మీంచి దించాను. చుట్టి, తాడు కట్టి, సర్దారు గదిలో పెట్టడానికి సిద్ధంగా ఉంచాను. అది పేర్లకు పనికొస్తుంది, పంకాకు కాదు. దాని చోట కొత్తది మేకులతో కొట్టాను. రెండువందల పదకొండు భాగాలు. అందులో అవ్వ లేదు.

ఓదెలు పేరు రాయను. బాపును గీయనివ్వను. పది గంటలకు అందరూ వచ్చాక నూట ఏడు పేర్లూ చదువుతాను, అవ్వది మొదట. ఓదెలును పది నిమిషాలు ఆగమన్నది నేనని, ఆ మూల చూడకుండా అన్నానని సరోజనకు చెప్తాను. అది అయ్యాక మీటరు, ఒక తీగ తీసుకొని నాలుగో మట్టానికి దిగుతాను. పటేలు కొసలు రెండూ కలిపి ఖాళీ చేసి, కె 3 విప్పి ఓదెలు దగ్గరుండిన రిలే బిగిస్తాను.